గద్వాల పాత గల్లీల్లో జనాన్ని నడిపించాలంటే: మొదటి రోజు నుంచి చివరి లెక్క దాకా

పాత ఊరు చూపించే నడక పెట్టాలనుకునేవాళ్ళు సాధారణంగా ముందు చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుంటారు. కోట, గుడి, దర్గా, బావి, మగ్గం, దొరల గడి అని పదిహేను చోట్లు తేలతాయి. అన్నీ చూపించబోతే మూడున్నర గంటలు పడుతుంది, సగం మంది రెండో గంటకే ఫోన్లు తీస్తారు. జాబితా తర్వాత రాసుకోవచ్చు. ముందు ఏ సంగతి చెప్పడానికి నడిపిస్తున్నారో తేల్చుకోండి.

గద్వాలనే తీసుకుందాం. ఇక్కడ మూడు సంగతులున్నాయి. ఒకటి కోట: జనం సోమనాద్రి అని పిలుచుకునే పెద్ద సోమభూపాలుడు కట్టించిన మట్టికోట, అందులో చెన్నకేశవస్వామి గుడి, పండితులను ఆదరించడంలో పెట్టింది పేరై ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానం. రెండోది నేత. మూడోది నీళ్ళు: కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డ ఇది, అయినా ఊళ్ళో మనిషి తాగింది బావి నీళ్ళే. ఈ మూడింటిలో ఒకటి ప్రధానంగా పెట్టుకుని, మిగతా రెండూ దారిలో తగిలినప్పుడు రెండు మాటల్లో చెప్పండి. మొదటిసారి నడక పెడుతుంటే నేత ఎంచుకోమని మా సలహా. కోట గోడ ముందు మీరే మాట్లాడాలి. మగ్గం ముందు మీరు ఊరుకున్నా చూసేవాళ్ళకు విషయం అందుతుంది.

నారాయణపేటలో అయితే బారంబావి అనే పాత దిగుడు బావి నుంచి మొదలుపెట్టి నీళ్ళ సంగతి చెప్పవచ్చు. నల్లగొండ దగ్గరి పానగల్లులో పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం గుళ్ళు, ఉదయ సముద్రం చెరువు ఉన్నాయి గానీ, అది గల్లీ నడక కాదు. ఆరుబయట ఎండలో దూరాలు నడవాలి. దాని పద్ధతి వేరు.

దారి కొలవడం

నడక నిడివి 2 గంటలు, దూరం 1.8 కిలోమీటర్లకు మించొద్దు. లెక్క ఇలా వస్తుంది. పన్నెండు మంది గుంపు గల్లీలో గంటకు 3 కిలోమీటర్ల కంటే వేగంగా కదలదు కాబట్టి 1.8 కిలోమీటర్లకు 36 నిమిషాలు. ఆగే చోట్లు 7, ఒక్కో చోట 7 నిమిషాలు, మొత్తం 49. మగ్గం ఇంట్లో 25. మొదట్లో పరిచయానికి, జాగ్రత్తలు చెప్పడానికి 10. అప్పటికే 2 గంటలు నిండిపోయాయి. ఎనిమిదో చోటు కలపాలనిపిస్తే ఉన్న ఏడింటిలో ఒకటి తీసేయండి.

అనుకున్న దారిని నడక పెట్టబోయే వేళకే, కనీసం మూడు రకాల రోజుల్లో నడిచి చూడండి: మామూలు పనిరోజు, ఆదివారం, అంగడి రోజు. మధ్యాహ్నం తీరిగ్గా చూసొచ్చిన గల్లీ పొద్దున 7 గంటలకు వేరే లోకం. ముఖ్యంగా నల్లా వచ్చే వేళ కనుక్కోండి. ఆ అరగంట గల్లీ నిండా బిందెలు, బకెట్లు, పైపులు ఉంటాయి. పన్నెండు మంది అటు వెళితే ఆడవాళ్ళ పని ఆగుతుంది, మీ మీద కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనది. అలాగే పొద్దున్నే వాకిలి ఊడ్చి, చల్లి, ముగ్గు వేస్తారు. ముగ్గు ఆరకముందే పన్నెండు జతల చెప్పులు దాని మీదుగా పోతే రెండో వారం ఆ గల్లీలో మీకు మాట దొరకదు. అందుకే గద్వాలలో పొద్దున 6:30కు కోటలో మొదలుపెట్టి, 7:15 దాటాక గల్లీల్లోకి రావడం మంచిది. కోట లోపల ఆరుబయలు కాబట్టి అక్కడ చల్లని పూట కావాలి. గల్లీలో ఇళ్ళ నీడ ఉంటుంది, ఎండ కాస్త ఎక్కినా ఫర్వాలేదు. 8 గంటలకు మగ్గం ఇంటికి చేరితే వాళ్ళ పొద్దుటి పనులు అయిపోయి మగ్గం ఆడుతూ ఉంటుంది.

నడిచేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: పన్నెండు మంది దారికి అడ్డం కాకుండా నిలబడగల చోట్లు, అక్కడ ఆ వేళకు నీడ ఏ వైపు పడుతుంది, మూత లేని మోరీలు, కుక్కలు పిల్లలు పెట్టి ఉన్న మూలలు, ఆటో లోపలి దాకా రాగలిగే దగ్గరి చోటు, మూత్రశాల. చివరి రెండూ చాలామంది మరిచిపోతారు. ఎవరికైనా కళ్ళు తిరిగితే మోసుకుపోయేది ఆటో దాకానే. అది ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే ఉన్న పదిమందీ తలా ఒక దిక్కు పరుగెత్తుతారు.

నెలల సంగతి తేలికే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా 8:30 దాటాక ఎవరినీ బయట ఉంచొద్దు. సాయంత్రం నడక పెట్టవచ్చు గానీ చలికాలంలో 5:45కే పొద్దు గూకుతుంది, గుంట మగ్గం దగ్గర అసలే వెలుతురు తక్కువ.

అడగాల్సినవాళ్ళను అడగడం

ఈ పని మీదే అన్నిటికంటే ఎక్కువ రోజులు పెట్టండి. గల్లీ అంటే ఊరివాళ్ళ ఇంటి ముందరి గది. అరుగు మీద కూర్చుని కూరగాయలు తరుక్కునే మనిషి మన కంటికి దృశ్యం కాకూడదు.

దారిలో ఆగే ప్రతి చోటా, ఎదురుగా ఉన్న ఇంటి పెద్దను ముందుగా కలవాలి. వెళ్ళేటప్పుడు ఆ వాడలో అందరికీ తెలిసిన ఒకరిని వెంటబెట్టుకోండి. “పెద్దమ్మా, ఆదివారం పొద్దున పన్నెండు మందిమి వస్తాం, మీ అరుగు పక్కన ఐదు నిమిషాలు నిలబడి ఈ దర్వాజ గురించి చెప్పుకుంటాం, లోపలికి రాం” అని చెబితే చాలు. ఎంతమంది, ఎంతసేపు, ఎక్కడిదాకా అన్న మూడూ చెప్పండి. “ఎందుకు” అని అడుగుతారు. ఊరి చరిత్ర చూపించడానికి అని, మనిషికి ఇంత తీసుకుంటున్నామని కూడా చెప్పండి. డబ్బు సంగతి దాచిపెట్టి నడిపితే నెల తిరక్కుండానే తెలుస్తుంది, ఆ తర్వాత ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

కోట లోపల మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తుంది. కళాశాల వైపు తిరగాలంటే ప్రిన్సిపాల్‌కు కాగితం రాసి ఇవ్వండి. పరీక్షల రోజులు అడిగి తెలుసుకోండి. గుడిలో పూజారిని అడగాల్సినవి రెండు: తలుపు తీసే వేళ, ఫొటోలు ఎక్కడిదాకా తీయవచ్చన్నది. మసీదు, దర్గా దారిలో ఉంటే శుక్రవారం మధ్యాహ్నం ఆ వైపు పెట్టుకోవద్దు. పీర్ల చావడి మొహర్రం రోజుల్లో చూసి తీరాల్సిందే, కాని ఆ రోజుల్లో పన్నెండు మంది గుంపుతో కాదు. ఊళ్ళో పోలీస్ స్టేషన్‌కు ఒక కాగితం ఇచ్చి ఉంచితే కొత్త ముఖాలు గల్లీల్లో తిరుగుతున్నాయని ఎవరైనా ఫోన్ చేసినా ఇబ్బంది ఉండదు. డ్రోన్ తెస్తామని ఎవరైనా అంటే వద్దని చెప్పేయండి. దానికి అనుమతుల గొడవ ఒకటి, మిద్దెల మీద స్నానాలు, బట్టలు ఆరేసుకోవడాలు ఇంకొకటి.

చెప్పాల్సిన మాట

చెప్పే ప్రతి ముక్కకూ మీ దగ్గర మూడు గుర్తుల్లో ఒకటి ఉండాలి: శాసనంలోనో కాగితంలోనో ఉన్నది, కట్టడాన్ని చూసి చెప్పగలిగేది, ఊరివాళ్ళు చెప్పుకునేది. మూడోదాన్ని “ఇక్కడివాళ్ళు ఇలా చెప్పుకుంటారు” అనే చెప్పండి. కోట కింద సొరంగం ఉందని, అది ఫలానా నది దాకా పోతుందని ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు చెబుతారు. ఆ కథ చెప్పొచ్చు, కథగానే చెప్పండి.

రెండో గుర్తు మీదే ఎక్కువ ఆధారపడమని మా గట్టి మాట. ఎదురుగా ఉన్నదాన్ని చదవడం నేర్పితే, వచ్చినవాళ్ళు రేపు తమ ఊళ్ళో తామే చదువుకుంటారు. ఉదాహరణకు పాత మట్టి మిద్దె. గల్లీలో నిలబడి పైకి చూడమనండి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలాల కొనలు కనబడతాయి. దూలాల మీద అడ్డంగా దంతెలు (సన్నని కొయ్యలు), వాటి మీద కంపో బోదగడ్డో పరిచి, ఆ పైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు మట్టి. చౌడు తడిస్తే మెత్తబడి పొరలా సర్దుకుని నీటిని కిందికి దిగనివ్వదు, అందుకే ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పోస్తారు. మిద్దె నడుమ వెలుతురు కోసం, పొగ పోవడానికి వదిలిన కంత గవాచి. వాన వస్తే దాని మీద రాతి పలకో కుండ పెంకో మూసేవాళ్ళు. పక్కనే కొత్తగా వేసిన స్లాబు ఇల్లు ఉంటే రెంటినీ కలిపి చూపించండి, ఐదు నిమిషాల్లో పాఠం పూర్తవుతుంది.

దర్వాజ దగ్గర చూపించాల్సినవి ఇంకా ఉన్నాయి. రెండు పక్కలా గోడలో చెక్కిన దీపపు గూళ్ళు, వాటి పైన ఏళ్ళ తరబడి పట్టిన మసి, పెద్ద తలుపులో మనిషి వంగి దూరేంత చిన్న దిడ్డి, ద్వారబంధం మీద చెక్కిన ఏనుగులో చిలకలో. అరుగు ఎత్తు కొలవమనండి. వీధి మీద తారు, సిమెంటు పొర మీద పొర పోసినకొద్దీ అరుగులు పొట్టివైపోతున్నాయి. మోకాలి ఎత్తుండాల్సిన అరుగు జానెడే మిగిలిందంటే వీధి ఎంత లేచిందో అక్కడే తెలుస్తుంది. వాననీళ్ళు ఇళ్ళలోకి ఎందుకు వస్తున్నాయో కూడా దాంతోనే అర్థమవుతుంది.

మాట్లాడే పద్ధతి: గుంపులో చివరి మనిషి వచ్చి చేరేదాకా నోరు తెరవొద్దు. ఎండ మీ ముఖం మీద పడేలా, వినేవాళ్ళ వీపు మీద పడేలా నిలబడండి. ముందు చూపించండి, తర్వాత చెప్పండి. గల్లీలో మైకు వద్దు. పన్నెండు మందికి మామూలు గొంతు చాలు, పన్నెండు దాటితే చాలదు. ఆ సంఖ్య పెట్టడానికి ఒక కారణం ఇదే.

మగ్గం ఇంట్లో

గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండూ ఒకే బట్టలో ఎలా అతుకుతాయన్నదే ఇక్కడ చూపించాల్సింది. ఒంటి పేకకు (అడ్డంగా నడిచే పోగుకు) ఒక నాడె (పేకను అటూ ఇటూ మోసే పడవలాంటి కొయ్య), అటూ ఇటూ అంచులకు చెరొక నాడె, మొత్తం మూడు. ఒంటి పేక అంచు దాకా వచ్చి అంచు పేకను కొక్కెంలా పట్టుకుని వెనక్కు తిరుగుతుంది, అంచు పేక అటు తిరుగుతుంది. పేక వేసే ప్రతి పోటుకూ ఇదే. దీన్నే కుప్పడం అంటారు. కొంగు దగ్గర పని ఇంకో రకం: అక్కడ పట్టు పడుగు (నిలువు) పోగునూ ఒంటి నూలు పడుగు పోగునూ ఒక్కొక్కటిగా కలుపుతారు. నేసిన బట్టను వెనక్కు తిప్పి చూపించమని అడగండి. అంచు మొదలయ్యే గీత వెంబడి పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్న వరస వేలికి తగులుతుంది. అంచులో మెట్లు మెట్లుగా పైకి లేచే కోటకొమ్మను అక్కడే గుర్తుపట్టమనండి. పొద్దున కోట చూసి వచ్చినవాళ్ళు దాన్ని ఇట్టే పోల్చుకుంటారు.

ఇక్కడ తప్పులు జరిగేది చోటు దగ్గర. గుంట మగ్గం నేల మట్టానికి ఉంటుంది, నేసే మనిషి కాళ్ళు గుంటలో తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. పన్నెండు మంది ఒక్కసారి చొరబడితే వెలుతురు మూసుకుపోతుంది, కాళ్ళ దుమ్ము పడుగు మీద పడుతుంది. ఆరుగురు చొప్పున రెండు విడతలుగా పంపండి. బయట ఉన్న ఆరుగురికి ఆ పది నిమిషాలూ ఆసు పోయడం (పోగును మేకుల మీద వరసగా తిప్పి నేతకు సిద్ధం చేయడం), కండెలు చుట్టడం (నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు పోగు చుట్టడం) చూపించేలా ముందే మాట్లాడుకోండి. చెప్పులు గడప బయటే. పడుగును ఎవరూ ముట్టుకోవద్దు. చేతి జిడ్డు పట్టు మీద మరకవుతుంది, వేలు తగిలి పోగు తెగితే అతికేదాకా మగ్గం ఆగుతుంది. ఈ మాట లోపలికి వెళ్ళాక చెబితే ఆలస్యమైనట్టే. బయట అరుగు దగ్గరే చెప్పండి.

ఆ ఇంటికి ఆ అరగంటకు పని నష్టం. దానికి తగ్గ డబ్బు ముందే మాట్లాడుకుని, చూడటం మొదలవకముందే చేతిలో పెట్టండి. చీర అమ్మకం మీద మీరు కమీషన్ తీసుకోవద్దు. తీసుకున్నారంటే ఆ ఇంటి ధర పెరుగుతుంది, వచ్చినవాళ్ళకు ఇది నడక కాదు, దుకాణానికి దారి అనిపిస్తుంది. కొనాలనుకున్నవాళ్ళు నడక ముగిశాక తామే తిరిగి వెళతారు.

చాలా ఇళ్ళలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. క్యాలెండర్ చూసుకునే తేదీ పెట్టండి. ఇంకొకటి: తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళతాయి. సంస్థానం నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ అది. వాటిని నేసేవాళ్ళు నియమంతో, దీక్షలో ఉండి నేస్తారు. ఆ మగ్గం దగ్గరికి గుంపును తీసుకెళతామని అడగనే వద్దు. దాని గురించి చెప్పడం వరకు మన హక్కు.

బావుల దగ్గర

దిగుడు బావిలోకి దిగే మెట్ల మీద నాచు ఉంటుంది. వాన పడిన వారం దాకా దించొద్దు. మామూలు రోజుల్లో కూడా ఒకేసారి నలుగురి కంటే ఎక్కువ వద్దు, చివరి పొడి మెట్టు దగ్గరే ఆపండి. గుంపును నడిపే మీ ఇద్దరిలో ఒకరు ముందే దిగి నీటి వైపు నిలబడాలి. అంచున కూర్చుని సెల్ఫీలు దిగడం ఖరాఖండిగా మానిపించండి. వాడకంలో ఉన్న బావి అయితే చెప్పులు ఎక్కడ విడవాలో ఆ వాడవాళ్ళనే అడగండి.

ఆ రోజు చేతిలో ఉండాల్సినవి

నడిపేవాళ్ళు ఇద్దరు తప్పనిసరి. ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక. వెనక మనిషికి చరిత్ర తెలియకపోయినా పనికొస్తుంది, గల్లీ తెలియకపోతే పనికిరాదు. ప్రతి మలుపు దాటాక తలలు లెక్కపెట్టే పని వారిదే. సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు 4, బ్యాండేజీ, డెట్టాల్, రెండు లీటర్ల అదనపు నీళ్ళు, ఒక టార్చి, చెత్త వేసుకోవడానికి ఒక సంచి. వచ్చేవాళ్ళకు ముందురోజే చెప్పాల్సినవి: మనిషికి లీటరు నీళ్ళు, టోపీ లేదా తువ్వాలు, సులువుగా విడిచే చెప్పులు (లేసుల బూట్లతో వస్తే గుడి, మగ్గం, బావి దగ్గర మొత్తం పావుగంట పోతుంది), భుజాలు మోకాళ్ళు కప్పే బట్టలు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు 6:30కు నిలబడాలంటే ముందు రాత్రే గద్వాల చేరాలి. కాచిగూడ–కర్నూలు రైలు మార్గంలోనే ఊరు ఉంది కాబట్టి అది కష్టమేమీ కాదు.

టిఫిన్ నడక చివర పెట్టండి, నడుమ వద్దు. వేడివేడి ఉగ్గాని, మిర్చి బజ్జీ తిన్నాక ఎవరూ లేవరు. అదే రోజు అలంపురం కూడా కలిపేద్దామని కొందరు ఒత్తిడి పెడతారు. నవబ్రహ్మ ఆలయాలకు ఒక పూట విడిగా కావాలి. మధ్యాహ్నం తర్వాత బండి మాట్లాడుకుని వాళ్ళనే వెళ్ళమనండి.

దారిలో చావు ఎదురైతే, శవయాత్ర వస్తుంటే, గోడ వారగా నిలబడి దారి ఇచ్చి, ఆ గల్లీ వదిలేయండి. అందుకే ప్రతి గల్లీకీ ఒక పక్కదారి ముందే చూసి ఉంచుకోవాలి. చరిత్ర మీద వాదం మొదలైతే, ఏ రాజు గొప్ప, ఏ కులం వాళ్ళు ముందు వచ్చారు అన్న చోటికి అది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, “నడక అయ్యాక టీ దగ్గర మాట్లాడుకుందాం” అని ముందుకు కదలండి. గల్లీలో గొంతులు లేస్తే అక్కడివాళ్ళకు అది వేరేగా వినబడుతుంది.

డబ్బు లెక్క

మనిషికి 200 రూపాయలు, పన్నెండు మంది అనుకోండి: 2,400. మగ్గం ఇంటికి 500, వెనక మనిషికి 500, మీ ఇద్దరితో కలిపి పద్నాలుగు మందికి టిఫిన్, టీ తలా 40 చొప్పున 560, మందులూ కాగితాలకు 100, గుడిలోనో బావి శుభ్రానికో 100. ఖర్చు 1,760, ముందు నడిచే మనిషికి మిగిలేది 640. ఎనిమిది మందే వస్తే వచ్చేది 1,600, ఖర్చూ సరిగ్గా 1,600. అంటే ఎనిమిదికి తగ్గితే వాయిదా వేయాలి, లేదా ధర పెంచాలి. తగ్గిన డబ్బును మగ్గం ఇంటి వాటాలోంచి కోయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. డబ్బు ముందే తీసుకుంటే రానివాళ్ళు తగ్గుతారు.

ముగిశాక

అదే సాయంత్రం ఆ ఇళ్ళవాళ్ళ ఫొటోలు ఏవైనా తీసి ఉంటే వాళ్ళకు పంపండి. వద్దన్నవి తీసేయండి. మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు రాసుకుని వారంలోపు ఊరి పెద్దలనో కళాశాల చరిత్ర మాస్టార్లనో అడగండి.

వానాకాలం గడిచాక మొదటి నడకకు ముందు దారి మొత్తం మళ్ళీ చూసి రావాలి. మట్టి గోడ తడిసినప్పుడు నిలబడి, ఆరేటప్పుడు కూలడం మామూలే. అడుగున ఉబ్బిన గోడ, కొత్తగా పడిన నిలువు బీట, దూలం కొన దగ్గర రాలుతున్న మట్టి కనబడితే ఆ గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో తప్ప జనాన్ని నిలబెట్టొద్దు. గల్లీ అంత వెడల్పు లేకపోతే ఆ ఏడాదికి దారి మార్చండి, గోడ సంగతి ఆ ఇంటివాళ్ళకూ మున్సిపాలిటీకీ అదే రోజు చెప్పండి.